దొంగ కాని కవి ఉన్నాడా? – మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అరడజను దాకా ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. ఎవరూ ఒకరితో ఒకరు చెప్పుకుని రాసినవి కావు. అందుకని అత్తాకోడళ్ళ ఉత్తరాలూ ఆస్తి పంపకాల ఉత్తరాలూ వచ్చే సంచికకి జరిపి, వీటికే చోటిస్తున్నాను. ఆ ఉత్తరాలు రాసినవాళ్ళు ఏమీ అనుకోకండి. తగాదాలు నెలలో ఎక్కడికీ పోవు.

ప్రశ్న: అమ్మా, నాకు 29 ఏళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రాత్రిళ్ళు కథలు రాస్తుంటాను. మా తాతగారి ఊరు శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిపోయింది. దాని మీద ఒక కథ రాసి ఫ్రెండ్‌కి చూపిస్తే "ఇలాంటివి ఎప్పుడో వచ్చేశాయి కదరా" అన్నాడు. వెతికితే నిజమే. ఊరు మునగడం మీద, ఊరు వదలనని మొండికేసే ముసలాయన మీద బోలెడు కథలున్నాయి. ఆ మాటకొస్తే నాకు ఏ ఆలోచన వచ్చినా ఎవరో ఒకరు ముందే రాసేసి ఉంటున్నారు. మనిషి బుర్ర కూడా ఏఐ లాంటిదే, విన్నవీ చదివినవీ కలిపి తిప్పి ఇవ్వడమే గానీ కొత్తగా ఏదీ పుట్టదని మావాడి వాదన. కొన్ని నెలలుగా ఒక్క ముక్క రాయలేదు. మనిషికి నిజంగా సొంత ఆలోచన అంటూ ఉంటుందా? కథ జతచేశాను.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ముందు మీ ఫ్రెండ్‌కి చెప్పండి బాబూ, ఆ వాదన కూడా ఆయన సొంతం కాదని. 1100 ఏళ్ళ కిందట కనౌజ్ ఆస్థానంలో రాజశేఖరుడనే కవి ఉండేవాడు. కవులు కాదలచుకున్న కుర్రాళ్ళ కోసం 'కావ్యమీమాంస' అని ఒక పుస్తకం రాశాడు. ఎలా కూర్చోవాలి, ఎప్పుడు రాయాలి, ఎవరి దగ్గర చదివి వినిపించాలి, అన్నీ ఉంటాయి అందులో. మరి దొంగతనం మీదో? ఏకంగా మూడు అధ్యాయాలు! "నాస్త్యచౌరః కవిజనో, నాస్త్యచౌరో వణిగ్జనః" అని తేల్చేశాడాయన. దొంగ కాని కవీ లేడు, దొంగ కాని వ్యాపారీ లేడు, దాచుకోవడం చేతనైనవాడు మాటపడకుండా హాయిగా ఉంటాడు అని శ్లోకం.

ఆయన భార్య అవంతిసుందరి కూడా పండితురాలే. ఎదుటివాడి సరుకు ఎత్తుకునే కవి ఏమేం సాకులు చెప్పుకోవచ్చో ఆవిడ వరసపెట్టి చెబితే, ఆయన బుద్ధిగా రాసి పెట్టాడు. "వాడు అనామకుడు, నేను పేరున్నవాణ్ణి. వాడి మాట తిప్పతీగ, నాది ద్రాక్షపండు." చదువుతుంటే నాకు మన సినిమావాళ్ళ ప్రెస్‌మీట్లు గుర్తొస్తాయి.

అయితే రాజశేఖరుడు అక్కడితో ఆగలేదు. కవుల్లో సొంతంగా పుట్టించేవాడున్నాడు, ఒకరిది మార్చేవాడున్నాడు, కప్పిపుచ్చేవాడున్నాడు, మొత్తం ఊడ్చుకుపోయేవాడున్నాడు అని లెక్కపెట్టి, ఆ వెంటనే ఇంకో మాట అన్నాడు. మాటలోనో అర్థంలోనో చెప్పే తీరులోనో కాస్త కొత్తది చూడగలిగి, కాస్త పాతదాన్ని కొత్తగా దిద్దగలిగినవాణ్ణి మహాకవి అనుకోండి అని. అంత కఠినంగా మాట్లాడిన మనిషి కూడా కాస్త కొత్తదనమే అడిగాడు. ఆ 'కాస్త' ఎక్కడుంటుందో మీకొకటి చూపిస్తాను.

రాజమండ్రిలో డిగ్రీ పిల్లలకి ఏళ్ళ తరబడి గజేంద్ర మోక్షం చెప్పాను. పోతన ముందే చేతులెత్తేశాడు కదా: "పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట... పలికెద, వేఱొండు గాథ పలుకగ నేలా" అని. నాది వేరే కథేమీ కాదు, ఉన్నదే చెబుతున్నానని ఒప్పేసుకున్నాడు. మీ ఫ్రెండ్ లెక్కలో అది అనువాదం, అంటే సొంత సరుకు సున్న.

ఇప్పుడు సంస్కృత భాగవతం తీయండి. ఎనిమిదో స్కంధం, మూడో అధ్యాయం. ఏనుగు మొర విన్నాక విష్ణువు ఏం చేశాడు? దేవతలు స్తోత్రాలు చేస్తూ వెంట వస్తుంటే, గరుత్మంతుడి మీద, చేత చక్రం పట్టుకుని గజేంద్రుడి దగ్గరికి త్వరగా వచ్చాడు. ఏనుగు పైకి చూసింది, ఆకాశంలో గరుడవాహనం మీద ఆయన కనిపించాడు, ఒక తామరపువ్వు పైకెత్తి నమస్కారం చెప్పింది. ఆయన గబుక్కున దిగి మొసలితో సహా లాగాడు. చక్రం దాని పని అది చేసింది. వ్యాసుడు చెరువు గట్టున నిలబడి చూశాడన్నమాట. దేవుడు రావడమే కనిపిస్తుంది అక్కడినుంచి.

పోతన అడిగిన ప్రశ్న వేరు. సరే, వచ్చాడు. ఇంట్లోంచి ఎలా బయల్దేరాడు? ఆ ఒక్క ప్రశ్న నుంచి పుట్టింది "సిరికిం జెప్పడు" పద్యం. భార్యకి చెప్పలేదు, శంఖచక్రాలు చేతికి తీసుకోలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయమనలేదు, చెవుల మీదికి జారిన జుట్టయినా సర్దుకోలేదు, ప్రణయకలహంలో పట్టుకున్న లక్ష్మి పైటకొంగు కూడా వదల్లేదు. మూలంలో ఉన్న చక్రమూ గరుడుడూ ఇక్కడ ఇంట్లోనే ఉండిపోయారు. తర్వాతి పద్యంలో వెనక పరిగెత్తుకొస్తారు, పాపం. మూలంలోని ఈ ఘట్టంలో లక్ష్మీదేవి లేనే లేదు. పోతన దగ్గర ఆవిడ భర్త వెనక నడుస్తూ, ఏమైందో అడుగుదామని వడివడిగా నాలుగడుగులేస్తుంది, అడిగినా చెప్పడులే అని ఆగుతుంది, మళ్ళీ తడబడుతూ అడుగేస్తుంది. "అడిగెదనని కడువడిఁ జను..." ఆ పద్యం పైకి చదివి చూడండి. మాటలు కూడా ఆవిడతో పాటే పరిగెత్తి ఆగుతాయి. ఈ పద్యం చెప్పినప్పుడల్లా క్లాసులో ఆడపిల్లలు నవ్వేవాళ్ళు. వాళ్ళ అమ్మ నడక వాళ్ళకి తెలుసు మరి.

ఆయుధం లేకుండా వెళ్ళి ఏం చేస్తాడయ్యా, చూసి రావడానికా అని శ్రీనాథుడు వెక్కిరించాడనీ, పోతన బావిలో రాయి పడేసి బిడ్డ పడ్డాడని కేకపెట్టి ఆయన్ని ఉత్తచేతులతో పరిగెత్తించాడనీ చెప్పుకుంటారు. జరిగిందో లేదో నాకక్కర్లేదు. ఆ మార్పు జనం కంట పడిందనడానికి ఆ కథ చాలు.

ఇక్కడ మీ ఫ్రెండ్ తరఫున నేనే ఒక అడ్డుపుల్ల వేస్తాను. పోతనకి చాలా ముందే శ్రీరంగంలో పరాశర భట్టరు అనే వైష్ణవాచార్యుడు రంగరాజస్తవం రాశాడు. అందులో ఒక శ్లోకం సరిగ్గా ఈ తొందర మీదే. ఏనుగు ఘీంకారం వినగానే స్వామి సేనాపతి అందించిన చెయ్యి పట్టుకోలేదు, పెట్టిన పాదుకలు తొడుక్కోలేదు, అంతఃపురం అంతా కంగారుపడుతుంటే అలంకారం లేని గరుడుడి మీదికే ఎక్కేశాడు, అలాంటి భగవంతుడి తొందరకి నమస్కారం అంటాడు. దేవుడికి కాదు సుమా, దేవుడి తొందరకి దండం పెట్టాడు! పోతన ఆ శ్లోకం విని ఉండొచ్చు, వినకపోయీ ఉండొచ్చు. విన్నాడనే అనుకుందాం. అయితే ఏం పోయింది? భట్టరు స్వామిని గరుడుడి మీద ఎక్కించాడు, పోతన ఆ వాహనమూ లేకుండా చేశాడు. లక్ష్మి వేసిన ఆ సగం సగం అడుగులు మాత్రం నేను భట్టరు దగ్గరా చూడలేదు, వ్యాసుడి దగ్గరా చూడలేదు.

కాబట్టి నా జవాబు ఇది. సరుకు ఎవరిదీ సొంతం కాదు. దాన్ని పట్టుకుని అడిగే ప్రశ్న సొంతం కావచ్చు. అదీ అందరికీ కాదు, అడిగినవాళ్ళకే.

ఒక్కోసారి ఆ ప్రశ్న కూడా ఇంకెవరో అడిగేసి ఉంటారు. కుంభకోణంలో స్కూల్లో చదివే రోజుల్లో రామానుజన్ సైన్, కొసైన్‌లకు సంబంధించిన కొన్ని సూత్రాలు తనంతట తాను కనిపెట్టాడు. అవి నూటయాభై ఏళ్ళ కిందటే ఆయిలర్ అనే గణితవేత్త కనిపెట్టినవని తర్వాత తెలిసింది. ఆ కాగితాలు తీసుకెళ్ళి ఇంటి చూరులో దాచేశాడట. మీరు చేస్తున్నదీ ఇదే, మీకు చూరు బదులు ల్యాప్‌టాప్ ఉంది. కానీ ఆ కుర్రాడు లెక్కలు ఆపలేదు. 1913లో కేంబ్రిడ్జ్ గణితవేత్త హార్డీకి నూటికి పైగా సూత్రాలతో ఉత్తరం రాశాడు. వాటిలో కొన్ని యూరప్‌లో ఎప్పటినుంచో తెలిసినవే. ప్రధాన సంఖ్యల మీద రాసినవాటిలో తప్పులున్నాయి. మరికొన్ని హార్డీ అంతటివాడు కనీ వినీ ఎరగనివి. పాతవి మళ్ళీ కనిపెట్టిన బుర్రా, కొత్తవి చూసిన బుర్రా ఒకటే. ఆ ఉత్తరం రాస్తున్నప్పుడు ఏది ఏ కోవలోదో ఆయనకీ తెలియదు.

కలిపి తిప్పడమే కదా అంటారా. 19వ శతాబ్దపు ఇంగ్లండులో మాల్తస్ జనాభా పుస్తకం చదివినవాళ్ళు వేలల్లో ఉంటారు. పురుగులూ పిట్టలూ పోగేసినవాళ్ళకీ కొదవ లేదు. రెండూ చేసినవాళ్ళూ బోలెడుమంది ఉండే ఉంటారు. తిండి చాలనప్పుడు ఎవరు మిగులుతారన్న మాటని మనుషుల మీంచి తీసి జంతువుల మీద పెట్టి, అలా మిగిలినవాటితో జాతే మారిపోతుందా అని పట్టువదలకుండా అడిగినవాళ్ళు ఎంతమంది? డార్విన్ 1838లో మాల్తస్‌ని చదివి, ఇరవై ఏళ్ళు నానబెట్టాడు. 1858లో వాలెస్ అనే ఇంకో ప్రకృతి పరిశోధకుడు మలయా దీవుల్లో జ్వరంతో మూలుగుతూ ఎప్పుడో చదివిన అదే పుస్తకం గుర్తుచేసుకుని, అదే చోటికి చేరి, డార్విన్‌కే ఉత్తరం రాశాడు. ఆ ఏడాది జూలై 1న లండన్ లినేయన్ సొసైటీలో ఇద్దరివీ కలిపి చదివారు. ఇద్దరికీ ఒకటే తట్టింది కాబట్టి ఇద్దరిలో ఎవరిదీ సొంతం కాదంటామా? నేనైతే ఇద్దరిదీ సొంతమే అంటాను. ఎవరు ముందు అన్నది తేదీల గొడవ, దానికి గుమస్తాలున్నారు.

మిషన్ల సంగతి నాకు తెలిసినంతలో చెప్పడం కూడా అనవసరం. మిషను కలపడమే చేస్తుంది కాబట్టి మనిషీ అంతే అన్నది తర్కం కాదు, విసుగు. మీ ఫ్రెండ్‌కి పని ఒత్తిడి ఎక్కువగా ఉన్నట్టుంది.

ఇక మీ కథ. మొదటి రెండు పేజీలూ అందరూ రాసినవే, మీ ఫ్రెండ్ చెప్పింది నిజం. నీళ్ళు రావడం, గుడి మునగడం, తాత అరుగు మీంచి లేవకపోవడం. మూడో పేజీలో మాత్రం నేను ఆగిపోయాను. ఊరు ఖాళీ చేసేటప్పుడు తాత ద్వారబంధం ఊడపీకి బండి మీద వేసుకొచ్చాడు. కాలనీలో కట్టిన ఇంటికి గుమ్మం ఎత్తు తక్కువ. ద్వారబంధం జానెడు కోస్తే గానీ పట్టదు. వడ్రంగి రంపం పట్టుకుని నిలబడ్డాడు, ఎటు కోయాలో తాత చెప్పడు. కింద కోస్తే తరాలుగా పసుపు రాసిన గడప పోతుంది, పైన కోస్తే వాళ్ళ నాన్న చెక్కించిన చిలకలు పోతాయి. దీన్ని మీరు నాలుగు వాక్యాల్లో తేల్చేసి, మళ్ళీ మునిగిన గుడి దగ్గరికి పరిగెత్తారు!

ఏ కొస కోశారో కూడా రాయలేదు. మీ నాన్నగారికి తెలిసి ఉంటుంది, ఫోన్ చేసి అడగండి. ఆ జానెడు ముక్క ఏమైందో కూడా అడగండి. మొదటి రెండు పేజీలు తీసేసి, రంపం దగ్గర మొదలుపెట్టి రాసి పంపండి. నేను చదువుతాను.

ప్రశ్న: మేడమ్ గారూ, కోప్పడనంటే ఒకటడుగుతాను. మీ జవాబుల్లో మీ సొంతం ఎంత, పుస్తకాల్లోది ఎంత?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సగం పైన మా అమ్మది. ఆవిడ మూడో క్లాసు దాకానే చదువుకుంది, ఆవిడ మాటలు ఏ పుస్తకంలోనూ లేవు కాబట్టి పట్టుబడను. పావు వంతు మా కాలేజీ లైబ్రరీది. మిగతా దాంట్లో సామెతలు పోగా, కోపం ఒక్కటే పూర్తిగా నా సొంతం. అది మా అత్తగారి దగ్గర నేర్చుకున్నానని మావారు అంటారు.

ప్రశ్న: అమ్మా, మేము న్యూజెర్సీలో ఉంటాం. మా పాపకి తొమ్మిదేళ్ళు. స్కూల్లో ఒక కథ రాస్తే, అది ఫలానా పుస్తకంలోదని టీచర్ పిలిచి చెప్పారు. చూస్తే నిజంగానే చాలా దగ్గరగా ఉంది. పాప మాత్రం "నేనే ఆలోచించాను మమ్మీ" అని ఒకటే ఏడుపు. ఆ పుస్తకం చదివినట్టే గుర్తులేదంటోంది. ఇంత చిన్న వయసులో అబద్ధాలు అలవాటవుతున్నాయేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి

జవాబు: అబద్ధం కాకపోవచ్చమ్మా. మీ దేశంలోనే జరిగిన సంగతి చెబుతాను, పాపకి కూడా చెప్పండి.

1891లో హెలెన్ కెల్లర్‌కి పదకొండేళ్ళు. చూపూ వినికిడీ లేని పిల్ల. 'ది ఫ్రాస్ట్ కింగ్' అని మంచురాజు కథ ఒకటి రాసి, బోస్టన్‌లో అంధుల కోసం నడిచే పెర్కిన్స్ విద్యాసంస్థ డైరెక్టర్ అనాగ్నోస్‌కి పుట్టినరోజు కానుకగా పంపింది. ఆయన మురిసిపోయి సంస్థ నివేదికలో అచ్చు వేయించాడు. కొన్నాళ్ళకే తెలిసింది, మార్గరెట్ కాన్బీ అనే రచయిత్రి పుస్తకంలో దాదాపు అదే కథ ఉందని. ఇక చూడండి. సంస్థవాళ్ళు విచారణ పెట్టారు. పాఠాలు చెప్పిన యాన్ సలివాన్‌ని గదిలోంచి పంపించేసి, ఆ పిల్లని ఒక్కదాన్నే కూర్చోబెట్టి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. ఆ రాత్రి ఎంత ఏడ్చిందో తర్వాత తన ఆత్మకథలో రాసుకుంది.

జరిగిందేమిటంటే, మూడేళ్ళ ముందు ఒక వేసవిలో ఎవరో ఆ కథని ఆమె అరచేతిలో వేళ్ళతో అక్షరాలు రాసి చెప్పి ఉంటారు. చెప్పినట్టు ఆమెకి గుర్తులేదు, కథ మాత్రం లోపల ఉండిపోయింది. తాను చదివినవే తన మనసుకి సరుకూ ఆకారమూ అయిపోయాయి, ఏది తనదో ఏది చదివినదో విడదీయడం తనకి ఎప్పుడూ తేలిక కాదని ఆమే ఒప్పుకుంది. కథ సొంతదారు కాన్బీ మాత్రం ఒక్క మాట అనలేదు. ఏదో ఒకరోజు నీ బుర్రలోంచే గొప్ప కథ రాస్తావులే అని దయగా ఉత్తరం రాసింది. విచారణ చేసిన పెద్దమనుషుల మీద మండిపడ్డవాడు రచయిత మార్క్ ట్వేన్. 1903లో ఆ సంగతి చదివి, మనుషుల ఆలోచనలన్నీ ఇంచుమించు సెకండ్‌హ్యాండేనని హెలెన్‌కి ఉత్తరం రాశాడు. నేను అంత దూరం వెళ్ళను గానీ, ఆ పిల్ల పక్కన నిలబడ్డందుకు ఆయన్ని మెచ్చుకుంటాను.

నాకు బాధనిపించేది విచారణ తర్వాత జరిగింది. ఆ తర్వాత చాలాకాలం ఏం రాస్తున్నా, చివరికి అమ్మకి ఉత్తరం రాస్తున్నా, ఈ వాక్యం నాదేనా అని భయం పట్టుకునేదట. సరదాకి మాటలతో ఆడుకోవడమే మానేసింది. మీ పాపకి ఆ భయం రాకుండా చూడటమే ఇప్పుడు పని.

ఆ పుస్తకం తెప్పించండి. పాప కథ పక్కన పెట్టుకుని ఇద్దరూ కలిసి చదవండి, విచారణలా కాదు, ఆటలా. రెండింట్లో ఉన్నవాటి కింద పెన్సిల్‌తో గీత గీయమనండి. గీత పడనివి ఎన్నో కొన్ని మిగులుతాయి. కుక్కపిల్ల పేరో, వానలో తడిసిన బూట్లో. అవి ఎక్కడినుంచి వచ్చాయో పాపనే అడగండి, మీకు తెలియని సంగతులు బయటికొస్తాయి. తర్వాత కథ చివర "ఫలానా కథ విన్నాక రాసింది" అని ఒక లైను రాయించి టీచర్‌కి పంపండి. పెద్ద పెద్ద కవులు కూడా పూర్వకవి స్తుతి అని పుస్తకం మొదట్లోనే అప్పులన్నీ ఒప్పుకునేవాళ్ళని నా తరఫున చెప్పండి.

ప్రశ్న: అవధానంలో పద్యాలు నిజంగా అప్పటికప్పుడు పుట్టినవేనా? ముందే కంఠస్థం చేసిన ముక్కల్ని అతికిస్తారని మా అల్లుడు అంటాడు. నేను ఒప్పుకోలేదు. మాటా మాటా పెరిగింది.
– రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్, ఏలూరు

జవాబు: అల్లుడిగారితో మాట పెంచుకోకండి, ఇద్దరూ నెగ్గారు. ముక్కలు ఉంటాయండీ. గణాలకి సరిపడే సంబోధనలు, ప్రాసకి అందివచ్చే మాటలు, వెన్నెలకీ నదికీ తయారుగా ఉండే విశేషణాలు లేకుండా ఎవరూ వేదిక ఎక్కరు. వర్ణన అంశంలో వచ్చే పద్యాలు చాలావరకు ఆ ఖాతాలోవే. మర్నాడు పేపర్లో చదివితే చప్పగా ఉండటానికీ అదే కారణం.

ఆ సంగతి మన పెద్దలకీ తెలుసు. తెలుసు కాబట్టే నిషిద్ధాక్షరి పెట్టారని నా అనుమానం. అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఏది వస్తుందో పృచ్ఛకుడు, అంటే ఎదుట కూర్చుని ప్రశ్న వేసేవాడు, ఊహించి దాన్ని వద్దంటాడు. సరస్వతి మీద పద్యం అడిగారనుకోండి. అవధాని 'శ్రీ' అన్నాడు. తర్వాత 'వాణి' వస్తుందని పృచ్ఛకుడికి తెలుసు, 'వ' వద్దంటాడు. అవధాని 'శా' అంటాడు. సభలో అందరికీ 'శారద' వినబడిపోయింది. పృచ్ఛకుడు 'ర' వద్దంటాడు. ఇక చూడాలి అవధాని ముఖం. తయారుగా ఉన్న దారులన్నీ ఒక్కొక్కటే మూసేస్తుంటే, మాటకీ అర్థానికీ ఛందస్సుకీ కుదిరే సందు ఒకటి అప్పటికప్పుడు వెతుక్కోవాలి. ఆ వెతుకులాటని మాత్రం ఎవరూ ఇంట్లో కంఠస్థం చేసుకుని రాలేరు.

అన్నట్టు, మంచి నిషిద్ధాక్షరి జరగాలంటే అవధాని కంటే పృచ్ఛకుడు గట్టివాడు కావాలి. మొహమాటపు పృచ్ఛకుడు కూర్చుంటే అది కూడా వర్ణనే అయిపోతుంది. ఈసారి అల్లుడిగారిని వెంటబెట్టుకుని వెళ్ళి, ముందు వరసలో కూర్చోండి. తర్వాతి అక్షరం ఏమిటో ఇద్దరూ పందెం వేసుకోండి.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. తొమ్మిదో తరగతికి 'మా ఊరు' మీద వ్యాసం రాయమంటే నలభై మందిదీ ఒకటే. "మా ఊరు పచ్చని చెట్లతో, పాడిపంటలతో కళకళలాడుతుంది. మా ఊరి ప్రజలు కలసిమెలసి జీవిస్తారు." కొందరిది గైడు, కొందరిది ఫోను. పిల్లలకి సొంతంగా ఆలోచించే శక్తే పోతోందా? వీటికి మార్కులు ఎలా వేయమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: మాస్టారూ, స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టల కొద్దీ దిద్దినదాన్ని, మీ బాధ నాకు తెలుసు. పచ్చని చెట్లు నా కలల్లోకి కూడా వచ్చేవి. ఫోన్లు లేని రోజుల్లో కూడా అవే చెట్లు! కాబట్టి శక్తి ఇప్పుడే పోలేదు. తప్పు ఎక్కువగా ప్రశ్నది. గైడు జవాబు చెప్పగలిగిన ప్రశ్న అడిగితే గైడే జవాబు చెబుతుంది, పిల్లవాడు మధ్యలో గుమస్తా.

గైడుకి తెలియనిది అడగండి. మీ వీధిలో మూతపడిన దుకాణం ఏది, అందులో ఏం అమ్మేవారు? మీ ఇంట్లో ఎవరూ కూర్చోని చోటు ఏది? సంతలో మీ అమ్మ బేరం ఆడకుండా కొనే వస్తువు ఏమిటి? నేను ఒకసారి, మీ ఇంట్లో మనిషి పేరుతో పిలిచే వస్తువు ఏదైనా ఉంటే దాని గురించి రాయమన్నాను. ఒకమ్మాయి 'పెద్దమ్మ చెంబు' గురించి రాసింది. పెద్దమ్మ ఇల్లు వదిలి వెళ్ళిపోయి ఏళ్ళయిందట. చెంబుకి సొట్ట పడింది, నీళ్ళు కారవు. ఇంట్లో అందరూ దాంతోనే నీళ్ళు తాగుతారు, దాని పేరు పలుకుతారు, పెద్దమ్మ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. పేజీ నిండా అక్షరదోషాలు. ఒత్తులు సగం లేవు, "వెల్లిపోయింది" అని రాసింది. క్లాసులో అన్నిటికంటే ఎక్కువ మార్కులు దానికే వేశాను. తోటి లెక్చరర్లు ఒత్తులకి మార్కులు కొయ్యలేదేమని అడిగారు. ఒత్తులు వచ్చేవారం నేర్పుతానన్నాను, నేర్పాను కూడా.

పిల్లలు మొదట్లో బిక్కమొహం వేస్తారు. "ఎన్ని లైన్లు రాయాలి సార్" అంటారు. లైన్లు చెప్పకండి. మొదటిసారి సగంమంది పచ్చని చెట్లనే మూతపడిన దుకాణం ముందు నాటుతారు, ఓపిక పట్టండి. పబ్లిక్ పరీక్షకి ఎటూ గైడు వ్యాసం తప్పదు, అది అలాగే నేర్పించండి, పిల్లల మార్కులతో మనం ప్రయోగాలు చేయకూడదు. యూనిట్ టెస్టులో మాత్రం ఒక్క ప్రశ్న ఇలా ఇచ్చి చూడండి. వచ్చినవాటిలో మీకు నచ్చినవి రెండు మూడు, పిల్లల పేర్లు తీసేసి, ఈ శీర్షికకి పంపండి. ఒత్తులు దిద్దకుండా పంపండి.